బ్రూక్‌లాండ్స్, బ్యూలీ, గుడ్‌వుడ్: పాత రేసు కార్ల కోసం ఇంగ్లండ్ వెళ్ళేవాళ్ళకి

పాత కార్లు చూడ్డానికి దక్షిణ ఇంగ్లండ్ వెళ్ళాలనుకుంటే సెప్టెంబరు నెల పెట్టుకోండి. బ్రూక్‌లాండ్స్ మ్యూజియం, బ్యూలీలోని నేషనల్ మోటర్ మ్యూజియం, గుడ్‌వుడ్ రివైవల్ రేసులు మూడూ ఒకే ప్రయాణంలో అవుతాయి. లండన్‌లో ఉండే మనవాళ్ళకి విడివిడిగా మూడు వారాంతాలు చాలు. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి కనీసం ఐదు రోజులు కావాలి. వరస మాత్రం ఇదే ఉండాలి: ముందు మ్యూజియాలు, చివర గుడ్‌వుడ్. ఆ మోత విన్నాక నిలబెట్టిన కార్ల మీద మనసు నిలవదు.

బ్రూక్‌లాండ్స్‌కి లండన్ వాటర్లూ నుంచి వెయ్‌బ్రిడ్జ్ స్టేషన్‌కి రైలెక్కాలి, అరగంట పైచిలుకు. అక్కణ్ణుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. 1907లో హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి సొంత ఎస్టేటులో కట్టించిన ట్రాక్ ఇది. చుట్టుకొలత 2.75 మైళ్ళు, వెడల్పు 100 అడుగులు, మలుపుల దగ్గర గట్టు ఎత్తు 30 అడుగులకి కాస్త తక్కువ. ఫోటోల్లో ఆ వాలు తెలియదు. మిగిలి ఉన్న మెంబర్స్ బ్యాంకింగ్ అనే వాలు గట్టు మీదికి ఎక్కి పై అంచు దగ్గర నిలబడితే కాళ్ళు వాటంతటవే కిందికి జారతాయి. వాన పడ్డ రోజు నాచు పట్టి ఉంటుంది, పట్టున్న బూట్లు వేసుకోవాలి.

అక్కడ కాంక్రీటుని దగ్గరగా చూడండి. పలకకీ పలకకీ మధ్య అతుకులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. వదులు మట్టి మీద సరైన పునాది లేకుండా పోసిన కాంక్రీటు ఏళ్ళు గడిచేకొద్దీ కుంగింది. వెయ్ నది మీది వంతెన దగ్గర కుంగుడు ఎంత ఉండేదంటే, వేగంగా వచ్చిన కారు నాలుగు చక్రాలూ గాల్లోకి లేచేవి. ఇది చూశాక లోపలికెళ్ళి నేపియర్-రైల్టన్ ముందు నిలబడాలి. 1933 నాటి కారు. దాదాపు 24 లీటర్ల విమానం ఇంజన్, నాలుగేసి సిలిండర్ల వరసలు మూడు. బ్రేకులు మాత్రం వెనక చక్రాలకే. ఆ ఎగుడుదిగుడు కాంక్రీటు మీద 1935లో జాన్ కాబ్ అనే రేసు డ్రైవరు దీన్ని గంటకి 143.44 మైళ్ళ సగటుతో ఒక చుట్టు తిప్పాడు. ట్రాక్ మూతబడేదాకా ఆ రికార్డు చెదరలేదు. ఎప్పుడైనా దీన్ని స్టార్ట్ చేసే రోజు ఉంటే ఆ రోజుకే టికెట్ కొనండి. ఆవరణలో కాంకార్డ్ విమానం, బస్సుల మ్యూజియం కూడా ఉన్నాయి. పిల్లలతో వెళ్తే పూర్తి రోజు పడుతుంది. ఖర్చు, ప్రయాస, ఫలితం మూడూ లెక్కేస్తే ఈ మూడింటిలో బ్రూక్‌లాండ్స్‌దే పైచేయి.

బ్యూలీ కాస్త దూరం. స్పెల్లింగు చూసి 'బ్యూలియూ' అంటే బస్సు డ్రైవరుకి అర్థం కాదు, 'బ్యూలీ' అనాలి. దగ్గరి స్టేషన్ బ్రాకెన్‌హర్స్ట్. అక్కణ్ణుంచి బస్సులు తక్కువ, టాక్సీ ముందే చెప్పి ఉంచుకోవాలి. ఈ ఒక్కచోటికి మాత్రం అద్దె కారు నయం. అక్కడా ఎడమ పక్క డ్రైవింగే, ఇండియా లైసెన్సు మీద 12 నెలల వరకు నడపొచ్చు. న్యూ ఫారెస్ట్ దారుల్లో గుర్రాలు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంటాయి, చీకటి పడ్డాక మెల్లగా వెళ్ళాలి.

మ్యూజియంలో 250కి పైగా వాహనాలున్నాయి, కానీ టైము తక్కువైతే వేగం రికార్డుల కార్ల దగ్గరికి నేరుగా వెళ్ళండి. 1927లో మొదటిసారి గంటకి 200 మైళ్ళు దాటిన సన్‌బీమ్, 1929 నాటి గోల్డెన్ ఆరో, 1964లో ఆస్ట్రేలియాలోని లేక్ ఐర్ మీద గంటకి 403.10 మైళ్ళు అందుకున్న బ్లూబర్డ్ అన్నీ ఇక్కడివే. బ్లూబర్డ్‌ది గ్యాస్ టర్బైన్, కానీ జెట్‌లా వెనక్కి గాలి తన్ని నడవదు. నాలుగు చక్రాలనీ ఇరుసుల ద్వారానే తిప్పుతుంది. ఈ తేడా తెలిసి చూస్తేనే దాని గొప్పతనం అందుతుంది.

సెప్టెంబరులో ఇక్కడే ఆటోజంబుల్ జరుగుతుంది, అంటే పాత విడిభాగాల సంత. దాని తేదీలు గుడ్‌వుడ్ తేదీలకి బాగా దగ్గర పడతాయి, రెండూ ఒకే వారాంతం రాకుండా చూసుకుని ఏడాది ఎంచుకోవాలి. ఇంటి దగ్గర పాత అంబాసిడర్ ఉన్నవాళ్ళకి ఈ సంత బంగారం. ఆ కారు బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి తోబుట్టువే. దాని 1489 సీసీ ఇంజన్ ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులోని ఇంజన్ కుటుంబానిదే కాబట్టి గాస్కెట్లు, వాల్వులు లాంటివి ఇక్కడ వెతకొచ్చు. జేబులో వెర్నియర్ కాలిపర్, పాత భాగం నంబరు, కొలతలు రాసుకున్న కాగితం ఉండాలి. బోల్టుల మర చుట్లు చూడకుండా కొనొద్దు. విట్‌వర్త్, యూఎన్ఎఫ్, మెట్రిక్ అనే మర కొలతలు పైకి ఒకేలా కనబడతాయి, రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతాయి. కొత్తగా తయారుచేసి అమ్మే డిస్ట్రిబ్యూటర్ రోటర్లలో (ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) రివెట్ ఉన్న చవక రకం తీసుకోవద్దు. కరెంటు రివెట్ గుండా కింది షాఫ్ట్‌కి దూకి, ఇంజన్ వేడెక్కాక ఆగిపోతుంది. వాడిన కార్బ్యురేటర్, పెట్రోలు పంపు కొంటే ఇంకో చిక్కు: పెట్రోలు వాసన ఉన్న భాగాన్ని విమానంలో ఎక్కించనివ్వరు. పూర్తిగా విప్పి, కడిగి, ఆరబెట్టినా ఆపే అవకాశముంది. కాబట్టి వాటి బదులు రిపేరు కిట్లు తెచ్చుకోవడం మేలు.

ఇక గుడ్‌వుడ్. రెండో ప్రపంచ యుద్ధంలో ఇది వెస్టాంప్‌నెట్ వైమానిక స్థావరం. దాని చుట్టూ ఉన్న రోడ్డునే 1948 సెప్టెంబరులో రేసు ట్రాక్‌గా తెరిచారు, చుట్టు 3.8 కిలోమీటర్లు. కార్ల వేగం పెరిగిపోవడంతో 1966లో రేసులు ఆపేశారు. 1998 నుంచి రివైవల్ పేరుతో మళ్ళీ, 1966 వరకు వచ్చిన కార్లతోనే పోటీలు. ఇది ఊరేగింపు కాదు, నిజమైన పందెం. కోట్ల విలువ చేసే కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తాయి.

గేటు దగ్గర టికెట్టు దొరుకుతుందనే భరోసాతో వెళ్ళకండి, ముందే కొనాలి. శుక్రవారం ప్రాక్టీసు, సాయంత్రం ఒక రేసు. శని, ఆదివారాలు పూర్తి రేసులు. కార్లని దగ్గరగా చూడాలనుకుంటే శుక్రవారమే మంచిది, జనం తక్కువ. ఒక్క రేసే చూడాలంటే ఆదివారం జరిగే ఆర్ఏసీ టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) సెలబ్రేషన్: ఏసీ కోబ్రాలు, జాగ్వార్ ఈ-టైప్‌లు, గంట పందెం, మధ్యలో డ్రైవర్ మార్పు.

బట్టల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. జనమంతా 1940లు, 50లు, 60ల నాటి దుస్తుల్లో వస్తారు. రేసు కార్లని సిద్ధంచేసే ఆవరణ, అంటే ప్యాడాక్‌లోకి వెళ్ళాలంటే మగవాళ్ళకి జాకెట్, టై ఉండాలి. జీన్సు, స్పోర్ట్స్ షూస్‌తో ఆపేస్తారు. మన ఆడవాళ్ళకి ఏమీ కొనక్కర్లేదు. మంగళగిరి చీర, వెంకటగిరి చీర ఆ కాలానికి సరిగ్గా సరిపోతాయి. కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకి కట్టుకోండి, గడ్డి పొద్దున్నే తడిగా ఉంటుంది.

ప్యాడాక్‌లో పొద్దున తొమ్మిదిలోపు ఉండాలి. మెకానిక్కులు చల్లటి ఇంజన్‌ని వేడి రకం ప్లగ్గులతో స్టార్ట్ చేసి, నూనె వేడెక్కేదాకా మోస్తరు వేగంలో ఉంచి, ఆపి, ప్లగ్గులన్నీ విప్పి రేసు ప్లగ్గులు బిగిస్తారు. రేసు ప్లగ్గులతోనే మొదలుపెడితే మసి పట్టి ఒకటో రెండో సిలిండర్లు మండవు. విప్పిన ప్లగ్గుల్ని వరసగా పేర్చి, కొన రంగు చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెబుతారు. అడిగితే చూపిస్తారు కూడా, కానీ వాళ్ళ చేతిలో పని అయ్యాకే అడగాలి.

రేసు చూడ్డానికి ఖరీదైన స్టాండు సీటు కంటే మ్యాడ్జ్‌విక్ మలుపు గట్టు మేలు. అప్పటి సన్నటి డన్‌లప్ టైర్లు పట్టు వదిలి జారడం, డ్రైవరు స్టీరింగ్ ఎదురు తిప్పి ఆ జారుడు మీదే మలుపు దాటించడం అక్కడ కంటికి కనబడుతుంది. సెడాన్ కార్లు పోటీపడే సెయింట్ మేరీస్ ట్రోఫీ జరిగేటప్పుడు చికేన్ (ఇరుకైన వంకర మలుపు) దగ్గరికి మారండి. ఏడు లీటర్ల ఫోర్డ్ గాలక్సీ తిన్నటి దారిలో మినీని వదిలేసి వెళ్తుంది, బ్రేకుల దగ్గర బరువు మోయలేక ఆలస్యమవుతుంది, మినీ లోపలి నుంచి దూరిపోతుంది. చుట్టుచుట్టుకీ అదే తంతు. ట్రాక్ చుట్టూ తిప్పే ట్రాక్టర్ ట్రెయిలర్లున్నాయి, అంతా నడవక్కర్లేదు. చిన్నపిల్లల చెవులకి మఫ్‌లు తప్పనిసరి.

గుడ్‌వుడ్‌కి దగ్గరి ఊరు చిచెస్టర్‌లో బస దొరకదనే అనుకోండి. ఏడాది ముందే నిండుతుంది, మూడు రాత్రులకి తక్కువ ఇవ్వమనే చోట్లూ ఉన్నాయి. పోర్ట్స్‌మత్‌లో గది తీసుకుంటే చిచెస్టర్‌కి రైల్లో అరగంట. బ్రైటన్ నుంచైతే గంట లోపు. గుడారం వేసుకునేవాళ్ళకి రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. శాకాహారులకి లోపల ఏదో ఒకటి దొరుకుతుంది కానీ వరసలు పెద్దవి. పులిహోర కట్టుకుని వెళ్తే రేసు చేజారదు.

సాయంత్రం వెంటనే బస్సు వరసలో నిలబడొద్దు. 1966 ముందు కార్లలో వచ్చిన ప్రేక్షకులకి వేరే మైదానం కేటాయిస్తారు, అక్కడికి వెళ్ళండి. ఆస్టిన్ సెవెన్‌లు, మోరిస్‌లు, జాగ్వార్లు ఇంటిదారి పడుతుంటాయి. కొన్నిటికి చేత్తో హ్యాండిల్ తిప్పుతారు. గేటు దగ్గర ట్రాఫిక్ ఆగితే ఎలక్ట్రిక్ ఫ్యాను లేని కారు వేడెక్కుతుంది. అప్పుడు యజమాని అద్దాలు దించి, లోపలి హీటరు పూర్తిగా తిప్పుతాడు. ఇంజన్ వేడి కొంత కారులోకి వస్తుంది, ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా దిగుతుంది.