ఇంటి కాపలాకి మ్యాగ్నం రివాల్వర్: ఎనిమిదేళ్లు వాడాక

ఈ ఏడాది నన్ను ముగ్గురు ఒకటే ప్రశ్న అడిగారు. "మీ దగ్గర మ్యాగ్నం ఉందట కదా, ఎలా ఉంది? మేమూ ఒకటి చూసుకుందామా?" అని. ముగ్గురూ నాలాంటి వ్యాపారస్తులే. ఫోన్లో తలా కాస్త చెప్పాను. మొత్తం చెప్పాలంటే కూర్చుని రాయాల్సిందే.

నాది విశాఖ కురుపాం మార్కెట్‌లో బంగారం కొట్టు. ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో. ఇల్లు ఎక్కడో ఎందుకు చెబుతున్నానో కొంచెం ఆగితే తెలుస్తుంది. నా దగ్గర రెండు రివాల్వర్లు ఉన్నాయి. ఒకటి 2011లో నేను కొనుక్కున్న .32 బోర్ (బోర్ అంటే బ్యారెల్ రంధ్రం కొలత). రెండోది నాన్నది, స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 19, .357 మ్యాగ్నం, నాలుగు అంగుళాల బ్యారెల్, ఆరు తూటాలు. నాన్నకి 70 నిండాక, 2017లో అది నా లైసెన్స్ మీదకి వచ్చింది. 2016 ఆయుధాల నిబంధనల్లో ఈ వెసులుబాటు ఉంది. లైసెన్స్‌దారు చనిపోయాకే వారసుడికి ఇవ్వాలని లేదు. ఆయనకి 70 ఏళ్లు వచ్చినా, ఆ ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, వారసుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ముందు మంచి చెబుతాను. పనితనం విషయంలో దానికి వంక పెట్టలేను. సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. మూసేటప్పుడు వచ్చే చిన్న 'టిక్' చప్పుడు ఇన్నేళ్లయినా మారలేదు. హ్యామర్ వెనక్కి లాగి పేలిస్తే ట్రిగ్గర్ గాజు పుల్ల విరిగినట్టు విడుస్తుంది. బరువు తూటాలు లేకుండానే కిలోకి దగ్గర. చేతిలో పట్టుకుంటే మన పాత ఇత్తడి చెంబులా నిండుగా ఉంటుంది. పిస్టల్‌తో పోలిస్తే రివాల్వర్‌లో నాకు నచ్చేది ఒకటే. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. మ్యాగజైన్ స్ప్రింగు, స్లయిడ్ అంటూ టెన్షన్ ఉండదు.

ఇక దాని శక్తి. .357 మ్యాగ్నం తూటా 1930ల నాటిది. పాత .38 స్పెషల్ తూటా గొట్టాన్నే కాస్త పొడవు చేసి, మందు దట్టించి తయారు చేశారు. తేలికపాటి గుండుతో అయితే సెకనుకి 1400 అడుగుల వేగం దాటుతుంది. .32 గుండు అందులో సగం వేగంతో వెళుతుంది. కాగితం మీద చూస్తే ఇంక ఆలోచించేదేముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, మొదటిసారి పేల్చేదాకా.

నగరం బయట, అనుమతి ఉన్న రేంజ్‌లో, సాయంత్రం ఐదున్నర దాటాక పేల్చాను. చెవులకి మఫ్లు ఉన్నాయి. అయినా మొదటి దెబ్బకి మెడ దాకా అదిరింది. బ్యారెల్ ముందర కొబ్బరికాయంత మంట, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి రెండు పక్కలకీ ఇంకో మంట. ఆ తర్వాత మూడు నాలుగు సెకన్లు నాకు కళ్ల ముందు పసుపు మచ్చ తప్ప ఏమీ కనపడలేదు. రెండో గుండు టార్గెట్ కాగితం మీద కాదు కదా, దాని ఫ్రేముకి కూడా తగల్లేదు. అది ఆరుబయట, చెవులకి రక్షణతో. అదే పది అడుగుల బెడ్రూంలో, రాత్రి రెండింటికి, నిద్రమొహంతో అయితే? మ్యాగ్నం చప్పుడు 160 డెసిబెల్స్ పైనే. ఒక్క దెబ్బకే చెవులు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. దొంగకే కాదు, పక్కన పడుకున్న పిల్లలకి కూడా.

విదేశాల్లో దీనికో ఉపాయం ఉంది. .357 రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాలు కూడా పడతాయి. జనం వాటితోనే ప్రాక్టీస్ చేసి, మ్యాగ్నం తూటాల్ని అవసరానికి దాచుకుంటారు. తేలికపాటి మ్యాగ్నం గుండ్లు ఎక్కువ కాలిస్తే ఈ సైజు ఫ్రేములో, అంటే రివాల్వర్ చట్రంలో, బ్యారెల్ వెనక అంచు పగిలే ప్రమాదం ఉందని అక్కడివాళ్లు జాగ్రత్తపడతారు. 1980లో కొంచెం పెద్ద ఫ్రేము తెచ్చింది కూడా అందుకే. మనకి ఆ ఉపాయం అందదు. లైసెన్స్ పుస్తకంలో ఏ బోర్ రాసి ఉంటే డీలర్ ఆ తూటాలే ఇస్తాడు. నా పుస్తకంలో .357 అని ఉంది. పోనీ .357 అయినా దొరుకుతాయా అంటే, అవి విదేశీ సరుకు. ఏడాదికి నాకు రాసిన కోటా 50. ఎనిమిదేళ్లలో ఒక్క ఏడాది కూడా ఆ యాభై పూర్తిగా దొరకలేదు. మా డీలర్ ఫోన్ ఎత్తగానే, నేను అడగక ముందే "లేవండీ" అంటాడు. .32 తూటాలు పుణె దగ్గర ఖడ్కీలోనే తయారవుతాయి కాబట్టి ఆ బాధ లేదు. ఏటా పాతవి రేంజ్‌లో కాల్చేసి కొత్తవి తెచ్చుకుంటాను. లెక్క వేస్తే ఈ ఎనిమిదేళ్లలో నేను పేల్చిన మ్యాగ్నం తూటాలు వంద కూడా లేవు. అన్ని తక్కువ తూటాలతో ఏ తుపాకీ మీదా చెయ్యి కుదరదు.

ఇప్పుడు సముద్రం సంగతి. ఇక్కడ కిటికీ ఊచలు రెండేళ్లకోసారి రంగు వేయకపోతే పొరలు పొరలుగా రాలిపోతాయని విశాఖలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. నాన్న దగ్గర ఉన్నప్పుడు రివాల్వర్‌ని ఆయన ఆదివారం ఆదివారం తుడిచేవారు. నేను మొదటి ఏడాది బద్ధకించాను. అందంగా ఉందని లెదర్ హోల్‌స్టర్‌లోనే పెట్టి లాకర్లో ఉంచాను. వర్షాకాలం వెళ్లాక తీసి చూస్తే సిలిండర్ మీద, నీలం మెరుగు మధ్యలో, ఎర్రగా నా బొటనవేలి ముద్ర. గీతలతో సహా, ఆధార్ కార్డుకి తీసినట్టు! చెమట చేత్తో పట్టుకుని తుడవకుండా పెట్టేస్తే ఆ ఉప్పు అక్కడే కూర్చుని తుప్పు పట్టించింది. తోలు తేమని పీల్చుకుంటుంది, అందులో తుపాకీని రోజుల తరబడి ఉంచకూడదన్న సంగతి నాకప్పుడు తెలిసింది. తోలు బెల్టులో గుచ్చి ఉంచిన తూటాలకైతే పచ్చగా చిలుం పట్టింది. వాటిలో ఆరు రేంజ్‌కి తీసుకెళ్తే రెండు పేలలేదు.

ఆ ముద్ర ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నూనె వేసి సన్నటి స్టీల్ ఉన్నితో మెల్లగా రుద్దితే ఎరుపు పోయింది, మచ్చ మిగిలింది. అప్పట్నుంచీ నా పద్ధతి ఇది. హోల్‌స్టర్ వేరుగా, ఆయుధం వేరుగా. గన్ ఆయిల్ పలచగా రాసి నూలు గుడ్డలో చుట్టి, పక్కన సిలికా జెల్ సంచులు. వర్షాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో పదిహేను రోజులకోసారి తీసి చూస్తాను. స్టెయిన్‌లెస్ స్టీల్ రకం దొరికితే ఈ ఊళ్లో అదే నయం.

ఎన్నికలు వచ్చాయంటే ఆ పద్ధతి కూడా సాగదు. కోడ్ రాగానే పిలుపు వస్తుంది, ఆయుధం స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న ఫలితాలు. అంటే ఇంటి రక్షణ కోసం పెట్టుకున్న ఆయుధం దాదాపు మూడు నెలలు ఇంట్లోనే లేదు. తిరిగి తెచ్చుకున్నాక బ్యారెల్ లోపల దూది తిప్పితే గోధుమరంగు. దీనికి నేను ఎవరినీ తప్పుపట్టను, వందల ఆయుధాలకి వాళ్లు నూనె రాస్తూ కూర్చోలేరు. ఇప్పుడు డిపాజిట్‌కి ముందురోజు నేనే చిక్కగా నూనె పట్టించి ఇస్తున్నాను.

ఇంటి రక్షణ అన్నాను కదా, అసలు తిరకాసు ఇక్కడుంది. ఆయుధం వాడే హక్కు లైసెన్స్ ఉన్నవాడిదే. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నేను కొట్లో ఉంటాను. ఆ పదకొండు గంటలూ లాకర్లో ఉన్న మ్యాగ్నం మా ఆవిడ దృష్టిలో ఉత్త ఇనప ముక్క. ఆమె ముట్టుకోకూడదు, తాళం చెవి కూడా ఆమెకి తెలిసేచోట ఉండకూడదు. "మరి ఎవరి కోసమండీ ఇది?" అని ఒకసారి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకంటూ విడిగా లైసెన్స్ తీసుకోవచ్చు. దరఖాస్తు, పోలీసు విచారణ, మెడికల్ సర్టిఫికెట్, ఆయుధ శిక్షణ సర్టిఫికెట్ అన్నీ ఉంటాయి. ఆమె వద్దంది. దానికి బదులు గుమ్మానికి ఇనప గ్రిల్ తలుపు, వెనక వాకిలికి లైటు వేయించమంది. వేయించాను.

నేనున్నప్పుడైనా పనికొస్తుందా అంటే, హుద్‌హుద్ అప్పటి ముచ్చట ఒకటి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న తుఫాను. ఆ తర్వాత ఊరంతా చీకటి, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఖాళీ ఇళ్లలో దొంగలు పడుతున్నారని వీధంతా పుకార్లు. మూడో రాత్రి మేడమీద ధన్‌మని చప్పుడు. కాసేపాగి మళ్లీ. నాన్న లేచారు. "ఒరేయ్, లాకరు తాళాలేవీ?" అన్నారు. తాళాలు అమ్మ గుత్తిలో ఉన్నాయి. అమ్మ గుత్తి వంటింట్లో మేకుకి ఉంది. కొవ్వొత్తి వెలిగించాలంటే అగ్గిపెట్టె తడిసిపోయింది. చివరికి టార్చి దొరికి, లాకరు తెరిచి, తూటాల డబ్బా వేరే అరలో ఉంటే అది తీసి, ఆయన వణుకుతున్న వేళ్లతో ఆరూ నింపేసరికి ఎంతసేపయిందో. "వచ్చినవాడు ఈపాటికి పని కానిచ్చుకుని పడుకునుంటాడు" అంది అమ్మ మంచం మీంచే. మేడెక్కి చూస్తే ఎవరి ఇంటిదో నీళ్ల ట్యాంకు మూత ఎగిరొచ్చి మా పిట్టగోడకి చిక్కుకుని గాలికి కొట్టుకుంటోంది. ఆ రాత్రి మాకు అక్కరకొచ్చింది టార్చి ఒక్కటే.

అప్పట్లో అది విడిగా ఉండే ఇల్లు. ఇప్పుడు అక్కడే అపార్ట్‌మెంట్ లేచింది, మాది మూడో అంతస్తు. మ్యాగ్నం గుండుని ఇటుక గోడ ఆపితే ఆపొచ్చు. కానీ ఫ్లాట్లో గోడలకంటే తలుపులు, కిటికీలు, ప్లైవుడ్ అల్మారాలే ఎక్కువ, వాటిని అది లెక్కచేయదు. మా హాలుకి ఎదురుగా, కారిడార్ అవతల పక్కింటివాళ్ల తలుపు. దాని వెనక ఆ ఇంటి పెద్దావిడ రోజూ కూర్చుని టీవీ చూస్తారు. ఒకసారి ఆ కోణం చూసుకున్నాక మ్యాగ్నం నా మంచం పక్క డ్రాయర్లోకి మళ్లీ రాలేదు.

చట్టం కూడా గుండె ధైర్యం చూసి మార్కులు వేయదు. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. దోపిడీ జరుగుతున్నప్పుడు, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడినప్పుడు ఆ హక్కు ప్రాణం తీసేదాకా వెళ్లొచ్చని 41వ సెక్షన్ చెబుతుంది. అయితే అవసరానికి మించిన హాని చేయకూడదన్న షరతు 37వ సెక్షన్లో ఉంది. పారిపోతున్నవాడి వీపు మీద పేలిస్తే కోర్టులో నిలబడేది మనమే. అన్నట్టు, పెళ్లిళ్లలో "బావా, ఒక్క రౌండ్ గాల్లోకి" అని అడిగే బామ్మర్దులు నాకూ ఉన్నారు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఆ సరదాకి రెండేళ్ల జైలు దాకా పడొచ్చని చెబితే ఊరుకున్నారు.

అదే సవరణతో ఒక మనిషికి రెండు ఆయుధాలే అన్నారు, అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది, అది మాత్రం హాయి.

కాబట్టి ఆ ముగ్గురికీ నేను చెప్పేది, మ్యాగ్నం కోసం వెతకొద్దు. 1980ల నడుమ నుంచి మామూలు జనానికి విదేశీ ఆయుధాల దిగుమతి లేదు. ఇక్కడున్నవి అప్పటి సరుకే, చేతులు మారుతూ లక్షలు పలుకుతాయి. ఆ డబ్బుతో కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసే .32 రివాల్వర్ కొనుక్కుని మిగిలింది ఇంటి తలుపులకి పెట్టండి. 2014లో వచ్చిన నిర్భీక్ అర కిలో బరువే. 2023లో వచ్చిన ప్రబల్ 675 గ్రాములు, సిలిండర్ పక్కకి తెరుచుకునే రకం. పాత కాన్పూర్‌వి నడుం విరిచి తెరిచేవి, అలవాటైతే అవీ బాగానే ఉంటాయి. .32 బలహీనమని అంటారు, నిజమే. కానీ దానితో నేను ఏడు గజాల్లో ఆరుకి ఐదు అరచేతి వెడల్పులో పెట్టగలను. మ్యాగ్నంతో రెండు పెడితే ఆరోజు పండగే.

నాన్నదాన్ని అమ్మేద్దామా అని పోయిన నెల అనుకున్నాను. డీలర్ ద్వారా ఒకాయన వచ్చాడు, లైసెన్స్ ఉన్నవాడే, గాజువాక వైపు. గుడ్డ విప్పి టేబుల్ మీద పెట్టాను. చేతిలోకి తీసుకుని, అద్దంలో చూసుకుని, "సార్, ఎంత దూరంలో మనిషి పడిపోతాడు?" అన్నాడు. సిలిండర్ మీద మచ్చ ఏంటని అడగలేదు. తూటాలు ఎక్కడ దొరుకుతాయనీ అడగలేదు. ఆయన వేళ్ల ముద్రలు తుడిచి, నూనె రాసి, మళ్లీ చుట్టి లోపల పెట్టేశాను. తుప్పు గురించి అడిగేవాడు ఎవరైనా వస్తే అప్పుడు చూద్దాం.