జిమ్నీతో ఏడాదిన్నర: బురదలో గెలిచింది, డిక్కీలో ఓడింది

బెంగళూరులో మారతహళ్ళి సిగ్నల్ దగ్గర నిలబడే బండికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే సదుపాయం (ఫోర్-వీల్ డ్రైవ్) ఎందుకని మా ఇంట్లో అడిగిన ప్రశ్న న్యాయమైనదే. నాకు కావలసింది నగరానికి కాదు. సుమారు 220 కిలోమీటర్ల దూరంలోని సకలేశపురం కాఫీ తోటల మట్టి దారులకు నెలకోసారైనా వెళ్ళి, సాయం అడగకుండా తిరిగి రాగలిగే బండి కావాలి.

మహీంద్రా థార్, ఫోర్స్ గూర్ఖా, మారుతి జిమ్నీ మూడింటినీ నడిపి చూశాను. మూడింటికీ విడి ఛాసిస్, అంటే బాడీని కింద నుంచి మోసే చట్రం ఉంది, వేగం తగ్గించి లాగుడు పెంచే లో-రేంజ్ గేరూ ఉంది. ఈ రెండూ లేని బండిని, ప్రకటనలో ఎంత కొండ ఎక్కించినా, ఈ పనికి నేను లెక్కలోకి తీసుకోను. గూర్ఖాకు ముందూ వెనకా కూడా డిఫరెన్షియల్ లాకులు (ఒక ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పేవి) ఉన్నాయి కనుక కేవలం సామర్థ్యమే చూస్తే దానికే మొదటి స్థానం ఇవ్వాలి. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో దిగగలదని కంపెనీ చెబుతుంది, డీజిల్ ఇంజను లాగుడు కూడా హాయిగా ఉంటుంది. అయినా నన్ను జిమ్నీ వైపు తిప్పింది హొసకోట దగ్గర గ్యారేజీలో పనిచేసే మన తెలుగు మెకానిక్ మాట: "బండిని మోసేది మన్ను గదా సార్, బరువు తక్కువుంటే మన్ను ఊరుకుంటుంది." జిమ్నీ బరువు దాదాపు 1200 కిలోలే, థార్ దానికన్నా సుమారు అర టన్ను ఎక్కువ.

ఆ మాట విలువ మొదటి వానాకాలంలోనే తెలిసింది. తోట దారిలో దిగుతుండగా, వెనక చక్రాలకే బలం అందే టూ-వీల్ డ్రైవ్‌లోనే పోవచ్చునన్న నా అతి నమ్మకం వల్ల, కుడివైపు చక్రాలు ట్రాక్టరు గాడిలో పడ్డాయి. వెనక చక్రం ఊరికే తిరుగుతూ ఎర్ర బురదను అద్దం దాకా చిమ్మింది. బండి ఆపి, క్లచ్ తొక్కి, చిన్న లివరును నొక్కి 4ఎల్‌కు, అంటే ఫోర్-వీల్ లో-రేంజ్‌కు లాగాను. ఆ స్థితిలో వేగం సుమారు సగానికి తగ్గి, చక్రం దగ్గర బలం అంతకు అంత పెరుగుతుంది. జారే చక్రాన్ని బ్రేకు తనంతట తానే పట్టి, బలాన్ని పట్టున్న చక్రానికి మళ్ళిస్తుంది. కింద టకటకమని చప్పుడైంది, వాసన వచ్చింది, యాక్సిలరేటరు వదలకుండా నిదానంగా ఉంచేసరికి బండి గాడి అంచు ఎక్కింది. ఎండిన తారు రోడ్డు మీద మాత్రం ఫోర్-వీల్ వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి కానీ రెండు ఇరుసులనూ కలిపి బిగించేశాం కనుక ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

టైర్ల విషయంలో మోసపోయాను. జె.సి. రోడ్డులో ఒక దుకాణం వాళ్ళు వెడల్పాటి టైర్లు అంటగట్టారు, స్టీరింగు పూర్తిగా తిప్పితే అవి లోపలి ప్లాస్టిక్‌కు రాసుకునేవి. మళ్ళీ కంపెనీ కొలతకే, అంటే 195/80 ఆర్15కే వచ్చాను. మెత్తటి నేల మీద గాలి 20 పీఎస్ఐకి తగ్గిస్తే ఆ సన్నటి టైరే చాలు, తారు ఎక్కగానే మళ్ళీ నింపడానికి చిన్న పంపు ఒకటి సీటు కింద ఉంటే సరి.

ఇక లోపాలు. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను 105 పీఎస్ శక్తినే ఇస్తుంది కనుక హాసన్ హైవే మీద లారీని దాటాలంటే గేరు తగ్గించి, ముందే లెక్క వేసుకోవాలి. ట్యాంకు 40 లీటర్లే, వెనక సీట్లు నిలిపి ఉంచితే డిక్కీ 208 లీటర్లే. గుడారం, స్టవ్వు, నీళ్ళ క్యాను పెట్టాలంటే సీట్లు మడవాలి, అంటే ఇది భార్యాభర్తలిద్దరి యాత్రకు తగిన బండి. పైగా ఇందులో నలుగురికే చోటు. అందుకే ఉగాదికి మదనపల్లెకు మా ఆవిడ బండి నడుపుతుంది, పిల్లలిద్దరూ నాన్నగారూ అందులో కూర్చుంటారు, నేను బస్సెక్కుతాను.