బస్సు దిగిన పిల్లలు, పెట్ట కింద పిల్లలు: ఆరేళ్ళు పెంచాక నా మాట

మా చెల్లెలు పెరట్లో కోళ్ళు పెంచుదామనుకుంటోంది. "అక్కా, హేచరీ నుంచి వనరాజా రకం పిల్లలు ఒక వంద తెప్పించుకోనా, లేకపోతే నాటుకోడిని తెచ్చి పొదగేయనా? ఏది చవక?" అని ఫోన్ చేసింది. రెండు పనులూ చేసి రెండిట్లోనూ చేతులు కాల్చుకున్నదాన్ని, ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. అది అడిగింది ఖర్చు గురించి. ఖర్చు లెక్క ఎవరైనా చెప్తారు. ఆ పిల్లలు మన చేతికి ఏ స్థితిలో వస్తాయి, వచ్చాక ఎలా బతుకుతాయి అన్నది పెంచినవాళ్ళే చెప్పాలి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది నూజివీడు దగ్గర. మామిడి తోటలో ఇల్లు. 2019లో మొదలుపెట్టాం. ఈ ఆరేళ్ళలో బజార్లో కొన్న పిల్లల్నీ, పెట్టెల్లో బస్సెక్కి వచ్చిన పిల్లల్నీ, ఇంట్లో పెట్ట పొదిగిన పిల్లల్నీ పెంచాను. కొన్నాళ్ళు ఇంక్యుబేటర్ మోజు కూడా నడిచింది.

బజారు పిల్లల సంగతి ముందు తేల్చేస్తాను. తిరనాళ్ళలో తట్టలో పోసి అమ్ముతారే, గులాబీ, పచ్చ, నీలం రంగులవి. మా పిల్లలు ఏడ్చి గోల చేస్తే పదేసి రూపాయలకు ఆరు కొన్నాం. మూడో రోజుకి ఒక్కటి మిగిలింది. రంగు పోయాక తెల్లటి బక్క పుంజయింది. అన్నీ పుంజులేనట, తర్వాత తెలిసింది. గుడ్ల కోళ్ళ హేచరీల్లో, అంటే మిషన్లలో గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే చోట, పుట్టిన రోజే పెట్టల్నీ పుంజుల్నీ వేరు చేస్తారు. పుంజు గుడ్డు పెట్టదు, బ్రాయిలర్‌లా కండా పట్టదు, కాబట్టి హేచరీకి అది దండగ. ఆ దండగ సరుకులో కొంత రంగు పూసుకుని తిరనాళ్ళకు వస్తుంది. జర్మనీలో 2022 జనవరి నుంచి ఇలాంటి మగపిల్లల్ని చంపడాన్ని చట్టం చేసి ఆపారు. మన దగ్గర ఆ తట్టలో పిల్లకి వెచ్చదనం ఉండదు, నీళ్ళుండవు, పొద్దుట్నుంచీ ఎండలో పదిమంది చేతుల్లో నలుగుతూ ఉంటుంది. జాలిపడి కొన్నా సరే, రేపు ఇంకో తట్ట నిండుతుంది. కొనకండి. నా మార్కులు సున్నా.

అసలు పోలిక పెట్టె పిల్లలకీ పెట్ట పిల్లలకీ మధ్యే.

మొదటి పెట్టె 2019 మే నెలలో తెప్పించాను. మే నెల అన్నప్పుడే నా తెలివి మీకు అర్థమయ్యుంటుంది. హైదరాబాద్ వైపు నుంచి ప్రైవేటు బస్సులో వస్తుంది, తెల్లవారుజామున దించుకోండి అన్నారు. బస్సు ఆలస్యమై ఎనిమిదిన్నరకి వచ్చింది. డిక్కీ తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. అట్టపెట్టె, చుట్టూ కన్నాలు, లోపల నాలుగు గదులు, గదికి పాతిక పిల్లలు. పెట్టె ఎత్తేముందు చెవి పెట్టి వినాలని అప్పటికి నాకు తెలీదు. బాగున్న పిల్లలు సన్నగా కిచకిచమంటూ ఉంటాయి. ఇబ్బందిలో ఉంటే గట్టిగా, ఆగకుండా అరుస్తాయి. మా పెట్టెలో రెండు గదులు అరుస్తున్నాయి. ఒక గది చప్పుడు చేయట్లేదు.

ఆ గదిలో ఏడు చచ్చిపోయి ఉన్నాయి. మిగతావి రెక్కలు విడదీసి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "మేడమ్, వంద మీద రెండు ఎక్స్‌ట్రా వేశాం కదా" అన్నాడు. అంటే దారిలో చావులకు ముందే లెక్క కట్టేశారన్నమాట. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. వారం తిరిగేలోపు ఇంకో పదహారు పోయాయి.

అసలు పిల్లల్ని ఇలా పంపడం ఎలా కుదురుతుందంటే, గుడ్డులోంచి బయటికి వచ్చేముందు పిల్ల మిగిలిన పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది. పెట్ట కింద గుడ్లన్నీ ఒకేసారి పగలవు కదా. ముందు పుట్టినవి తిండి లేకపోయినా వెనకవాటి కోసం ఆగాలి. అందుకు ప్రకృతి కట్టిచ్చిన చద్దిమూట అది. రెండు మూడు రోజులు వస్తుంది. మనుషులు ఆ మూటని బస్సు టికెట్‌గా వాడుకున్నారు. మన దేశంలో 2001లో సవరించిన జంతు రవాణా నిబంధనల్లో కూడా పొదిగే యంత్రం నుంచి బ్రూడర్‌కి (పిల్లల్ని బల్బు వేడి కింద పెంచే చోటు) చేరడానికి ఎండాకాలంలో 48 గంటలు, చలికాలంలో 72 గంటలు గరిష్ఠమని ఉంది. కానీ గడియారం బస్సెక్కినప్పుడు మొదలవదు. మిషన్‌లో ముందు పుట్టిన పిల్లకీ చివర పుట్టినదానికీ ఒక రోజు తేడా ఉండొచ్చు. అన్నీ పుట్టాక ఒకేసారి తీసి, ఏరి, టీకా వేసి, పెట్టెలో సర్దుతారు. మొదట పుట్టిన పిల్లకి అప్పటికే సగం మూట ఖాళీ.

తప్పు నాది కూడా. మొదటిసారి నీళ్ళకంటే ముందు మేత పెట్టాను. ముందు నీళ్ళివ్వాలి, గోరువెచ్చగా, కొంచెం బెల్లం కలిపి. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు కొస నీళ్ళలో ముంచాలి. వందకి వందా. గంటన్నర పని. చూపించడానికి తల్లి లేదు కదా, నీళ్ళంటే ఏమిటో వాటికి మనమే చూపించాలి. పళ్ళెంలో గులకరాళ్ళు వేయాలి, లేకపోతే అందులోనే పడి తడిసి చస్తాయి. రెండు గంటల తర్వాత కాగితం మీద మొక్కజొన్న రవ్వ చల్లాలి. ఆ కాగితం ఒకటి రెండు రోజులకు మించి ఉంచితే జారి కాళ్ళు విడిపోతాయి, ఆ తర్వాత ఊక మీదకి వదిలేయాలి. వేడి మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఇంకో సంగతి, ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుందిగానీ వేడి ఇవ్వదు. పాతకాలం వంద క్యాండిల్ బల్బు కోసం నేను మూడు షాపులు తిరిగాను.

ఇక ముడ్డి అంటుకోవడం. ప్రయాణంలో ఎండకో చలికో దెబ్బతిన్న పిల్లలకి రెట్ట వెనకే గట్టిగా పేరుకుపోయి దారి మూసుకుపోతుంది. చూడకపోతే రెండు రోజుల్లో చస్తాయి. పీకితే చర్మం ఊడి వస్తుంది. వేడినీళ్ళలో దూది ముంచి, ఓపిగ్గా నానబెట్టి తుడవాలి. చేతిలో పిల్ల గుండె టకటకా కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తుంది. ఒక రాత్రి పందొమ్మిదింటికి చేశాను. ఇంట్లో పెట్ట తిప్పిన పిల్లల్లో ఇది ఈ ఆరేళ్ళలో రెండుసార్లు చూశానేమో.

న్యాయంగా చెప్పాలంటే తర్వాతి పెట్టెలు ఇంత ఘోరంగా రాలేదు. హేచరీ మార్చి, నవంబర్‌లో, రాత్రి ఎక్కించి తెల్లారి దిగేలా తెప్పించుకుంటే దారిలో రెండే పోయాయి. నెలకి తొంభై ఒకటి తిరుగుతున్నాయి. పైగా వాటికి పుట్టిన రోజే మారెక్స్ అనే కోళ్ళ రోగానికి టీకా వేసి పంపారు. ఆ సౌకర్యం మన పెరట్లో పుట్టిన పిల్లకి ఉండదు.

ఇప్పుడు పెట్ట సంగతి. మా అత్తయ్య దగ్గర ఒక ఎర్రపెట్ట ఉండేది. అది పొదుగుకొస్తే గంపలో ఇసుక, గడ్డి పరిచి పదకొండు గుడ్లు పెట్టింది. బేసి సంఖ్యే పెట్టాలంటుంది, ఎందుకో అడిగితే "మా అమ్మ అలాగే పెట్టేది" అంటుంది. ఇరవయ్యో రోజు రాత్రి నన్ను పిలిచి, "ఇటు రా అమ్మా, చెవి పెట్టు" అంది. గుడ్డు ఇంకా పగల్లేదు. లోపల్నుంచి పిల్ల అరుస్తోంది. పెట్ట గొంతు తగ్గించి క్లుక్ క్లుక్ అని బదులిస్తోంది. పుట్టకముందే మాటలు కలిశాయి. పెట్టె పిల్లలకి ఆ టైములో వినిపించేది ఫ్యాన్ హోరు.

ఆ తర్వాత తేడా అడుగడుగునా కనిపించింది. పెట్ట ఒక పురుగుని ముక్కుతో ఎత్తి, కింద వేసి, పిలుస్తుంది. పిల్లలు పరుగెత్తుకొస్తాయి. ఏది తిండో ఏది కాదో మూడు రోజుల్లో నేర్చేసుకుంటాయి. నేను మట్టికుండలో పేడ, గడ్డి కూరి తోటలో బోర్లిస్తే చెదలు పడతాయి. ఆ కుండ దులిపితే చూడాలి వాటి సంబరం. చలేస్తే రెక్క కిందికి దూరతాయి, చాలనిపిస్తే బయటికొస్తాయి. నేను థర్మామీటర్ చూసుకుంటూ రాత్రి రెండింటికి లేవక్కర్లేదు. బ్రూడర్‌లో పెరిగినవి ఒకదాని ఈకలు ఒకటి పొడుచుకోవడం, రక్తం వస్తే అందరూ కలిసి దానిమీద పడటం నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. పెట్ట వెనక తిరిగిన వాటిలో చూడలేదు. గద్ద నీడ పడితే పెట్ట ఒక అరుపు అరుస్తుంది, క్షణంలో పిల్లలు మాయం. పెట్టె పిల్లలు అదే గద్దని తలెత్తి చూస్తూ నిలబడ్డాయి.

అలాగని ఇంట్లో పుట్టినవన్నీ సుఖంగా బతికాయనుకోవద్దు. ఆ పదకొండింట్లో తొమ్మిది పుట్టాయి. ముంగిస రెండిటిని, పిల్లి ఒకదాన్ని ఎత్తుకుపోయాయి. 2021లో కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చింది. మెడలు మెలితిరిగి, ఆకుపచ్చ రెట్ట వేస్తూ వారంలో పెట్టా పిల్లలూ అన్నీ పోయాయి. అదే తోటలో కంచె అవతల టీకాలు వేయించిన వనరాజాలు నిక్షేపంగా ఉన్నాయి. "ఇంటి కోళ్ళకి రోగాలు రావు" అనే మాట అప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ తెగులుకి వేసే లసోటా టీకా సీసా చిన్నదైనా వంద డోసులకు వస్తుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసులో ఉంచాలి. తొమ్మిది పిల్లల కోసం ఎవరు తెరుస్తారు? ఇప్పుడు మా వీధిలో నాలుగిళ్ళ వాళ్ళం ఒక రోజు అనుకుని, పిల్లల్ని గంపల్లో తెచ్చి, ఒకే సీసాతో కంట్లో చుక్క వేయించుకుంటున్నాం. ఏడో రోజు లసోటా, పద్నాలుగో రోజు గంబోరో అనే ఇంకో రోగానికి టీకా, 28వ రోజు మళ్ళీ లసోటా.

పుంజుల విషయంలో కూడా మనం చేతులు కడిగేసుకోలేం. ఇంట్లో పుట్టినా సగం పుంజులే. అవి కొన్ని నెలలు తోటలో తిరిగాక మా ఇంట్లోనే కూరవుతాయి. హేచరీలో మొదటి రోజే పోయేది ఇక్కడ ఆర్నెల్లు బతుకుతుంది, అంతవరకే మన గొప్ప. సంక్రాంతికి పందేలవాళ్ళు వచ్చి అడుగుతారు. ఇవ్వం.

ఇంక్యుబేటర్ గురించి ఎక్కువ చెప్పను. 37.5 డిగ్రీలు, తేమ, రోజూ తిప్పడం, కరెంటు పోతే దుప్పట్లు కప్పి టెన్షన్ పడటం. పిల్లలైతే బాగానే వచ్చాయి. ప్రయాణం లేదు, ముడ్డి అంటుకోలేదు. కానీ పుట్టాక వాటి బతుకు పెట్టె పిల్లల బతుకే. అదే బల్బు, అదే పొడుచుకోవడం, గద్దని చూసి అదే మొద్దు నిలబాటు. నాకు అసలు విషయం అప్పుడు వెలిగింది. మనింట్లో పుట్టడంలో మహిమేం లేదు. మొదటి రెండు రోజులు దాహం లేకుండా గడవాలి, తర్వాత ఒక పెట్ట ఉండాలి.

అందుకే ఇప్పుడు రెండూ కలిపేశాను. వనరాజా, గ్రామప్రియ పెట్టలు రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థలో తయారైన రకాలు. గుడ్లు బాగా పెడతాయిగానీ పొదుగుకు కూర్చోవు. వాటి గుడ్లు పొదిగించినా పిల్లలు అచ్చం అలాగే రావు. కాబట్టి ఆ రకం కావాలంటే పెట్టె తప్పదు. నాటుపెట్టలు మాత్రం అద్భుతమైన తల్లులు. అవి పొదుగుకి కూర్చున్న రోజు రాసుకుని, ఇరవై ఒకటో రోజుకి పెట్టె వచ్చేలా చెప్తాను. పిల్లలకి నీళ్ళు పట్టి, సాయంత్రందాకా బల్బు కింద ఉంచి, బాగా చీకటి పడ్డాక ఒక్కోదాన్నీ పెట్ట కిందికి తోసి, గుడ్లు తీసేస్తాను. మొదటిసారి చేసినప్పుడు ఊపిరి బిగబట్టాను. పెట్ట ఒకసారి గుర్రుమంది, కాసేపు ఆగి రెక్కలు కొంచెం పైకెత్తింది. పిల్లల అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తెల్లారి పన్నెండింటినీ వెంటేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

ఒకసారి ఐదు రోజుల పిల్లల్ని పెట్టి చూశాను, అస్సలు కుదర్లేదు. పెట్టని చూసి పిల్లలే పారిపోయాయి. ఇంకోసారి అన్నీ గోధుమ రంగులో ఉండి ఒక్కటే నల్లదుంటే, దాన్ని పొడిచి తరిమేసింది. అది నా బ్రూడర్‌లో ఒంటరిగా పెరిగి, ఇప్పటికీ నా కాళ్ళ వెంటే తిరుగుతుంది. రోగం సంగతి కూడా చూసుకోవాలి. బయటి పిల్ల ఏం మోసుకొస్తుందో తెలీదు కాబట్టి పాత మందకి దూరంగా మూడు వారాలు వేరే కంచెలో ఉంచుతాను. మూడో వారం దాటాక రెట్టలో రక్తం కనిపిస్తుందేమో రోజూ చూస్తాను, రక్త పారుడు పెట్టె పిల్లలకి ఆ వయసులోనే ఎక్కువ తగిలింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చెప్పిన పెట్టె కూడా మానుకున్నాను.

చెల్లీ, వందతో మొదలుపెట్టకు. యాభైకి తక్కువ పంపమంటే పక్కింటి వాళ్ళతో పంచుకో. మే, జూన్‌లో తెప్పించుకోవద్దు. ఎన్ని గంటలకు మిషన్‌లోంచి తీశారో అడుగు, చెప్పడానికి నసిగితే ఆ హేచరీ వదిలెయ్. ముందు రెండు నాటుపెట్టల్ని తెచ్చుకో. మా దగ్గర అత్తయ్య ఎర్రపెట్ట మనవరాళ్ళు రెండు ఇవాళ్టికి పదిహేనో రోజు పొదుగులో ఉన్నాయి. వచ్చే ఆదివారం తెల్లవారుజామున పాతిక పిల్లలు దిగుతాయి, చూడాలనుంటే శనివారం రాత్రికే వచ్చెయ్.