లేత్ మీద చెక్క పట్టడానికి పాలు పితికే మెషిన్ పంపు: చాలాకాలం వాడాక

చెక్క గిన్నె అడుగును నున్నగా తీయాలంటే చివర్లో దాన్ని తిరగేసి లేత్ (చెక్కను గిరగిరా తిప్పే మెషిన్) మీద పట్టుకోవాలి. లేత్ మీద చెక్కను పట్టి ఉంచే భాగమే చక్. దవడల చక్‌తో బిగిస్తే అంచు మీద గుర్తులు పడతాయి. లోపలి గాలి లాగేసి ఆ బలంతోనే గిన్నెను పట్టే వాక్యూమ్ చక్‌తో ఆ బాధ లేదు. నాలుగంగుళాల పీవీసీ కప్లింగు అంచుకు మెత్తటి రబ్బరు ఫోమ్ అంటిస్తే చక్ తయారైపోతుంది. ఖర్చంతా గాలి లాగే పంపు దగ్గరే.

ముందుగా అందరికీ తట్టేది ఏసీ మెకానిక్కులు వాడే చిన్న పంపు. నేనూ దాన్ని వాడాను. గేజ్ ముల్లు పాదరసం లెక్కన 700 మిల్లీమీటర్లు (దాదాపు పూర్తి వాక్యూమ్) దాటుతుంది, శబ్దమూ తక్కువే. టేకు, చింత లాంటి గట్టి చెక్కకు బాగానే పనిచేసింది. మామిడి గిన్నె పెట్టగానే ముల్లు బాగా కిందికి పడిపోయింది. మామిడి చెక్క రంధ్రాల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది. ఆ పంపు నిమిషానికి లాగేది 50 లీటర్లే. పైగా అది మూసి ఉన్న గొట్టాన్ని ఖాళీ చేయడానికి చేసినది. లోపలికి గాలి ఆగకుండా వస్తుంటే ఆయిల్ పొగలా బయటికి పోతుంది, మట్టం తగ్గిపోతుంది.

అంటే మనకు కావాల్సింది లోతైన వాక్యూమ్ కాదు, ఎక్కువ గాలి లాగే పంపు. మా ఒంగోలు సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కాస్త అటూఇటూగా ఒక కిలో. లోపలి వ్యాసం 11 సెంటీమీటర్లున్న చక్ వైశాల్యం 95 చదరపు సెంటీమీటర్లు. సగం వాక్యూమ్‌కే సుమారు 48 కిలోల బలం దొరుకుతుంది. అడుగు నున్నగా తీయడానికి, సాండింగ్‌కు అది చాలు. ఇంకా ఎక్కువ లాగితే పల్చటి గిన్నె గోడ పగిలిపోయే ప్రమాదం కూడా ఉంది.

పాలు పితికే మెషిన్ నడిచేది సరిగ్గా ఆ సగం దగ్గరే, 50 కిలోపాస్కల్స్‌కు అటూఇటూగా. గంటల తరబడి గాలి లాగుతూ ఉండటానికే ఆ పంపును చేస్తారు. రెగ్యులేటర్, గేజ్, చిన్న ట్యాంకు దాంతోపాటే వస్తాయి. విడిగా కొనబోతే వీటికే బోలెడంత అవుతుంది. దర్శి, పొదిలి వైపు గేదెల షెడ్లు మూసేసినవాళ్లను అడిగితే పాతవి దొరుకుతాయి. నాదీ అలా వచ్చిందే. నిమిషానికి 200 లీటర్లని ప్లేటు మీద ఉంది. మామిడి గిన్నెకు కూడా ముల్లు పెద్దగా కదలదు.

ఇబ్బందులు లేకపోలేదు. శబ్దం బాగా ఎక్కువ. అందుకే పంపును వెనక వరండాలో పెట్టి, గోడకు కన్నం వేసి ముప్పావు అంగుళం పైపు లోపలికి తెచ్చాను. సన్న గొట్టం వాడితే పంపు ఎంత పెద్దదైనా ఉపయోగం ఉండదు. ఆయిల్ పొగ బయటికే పోతుంది కాబట్టి పాలిష్ చేసిన చెక్క మీద పడదు. దీని అసలు శత్రువు చెక్క దుమ్ము. అది లోపలికి వెళ్తే వేన్లు (పంపు లోపల గాలిని తోసే రెక్కలు) అరిగిపోతాయి. కారు ఎయిర్ ఫిల్టర్‌ను డబ్బాలో బిగించి మధ్యలో పెట్టాను. బైకు పెట్రోల్ ఫిల్టర్ పెట్టొద్దు, అది గాలినే ఆపేస్తుంది.

కరెంటు విషయం తేలిగ్గా తీసుకోకండి. మధ్యలో కరెంటు పోతే పంపు ఆగుతుంది, లేత్ మాత్రం ఇంకొన్ని చుట్లు తిరుగుతుంది. చక్‌కూ పంపుకూ మధ్య నాన్ రిటర్న్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది), దానికి చక్ వైపున పాత కంప్రెసర్ ట్యాంకు ఉంటే గిన్నె వెంటనే ఊడిపడదు. వీలైనంతసేపు, లేత్ రెండో కొస నుంచి చెక్కకు ఆనే భాగమైన టెయిల్‌స్టాక్ ఆనించే ఉంచాలి. ముఖానికి షీల్డ్ తప్పనిసరి.

ఇంట్లో ఉన్న వాక్యూమ్ క్లీనర్‌తో పని కానిద్దామనుకునేవాళ్లకు ఒక మాట. మామూలు క్లీనర్ మోటారుకు చల్లదనం దాని గుండా పోయే గాలే. చక్‌తో నోరు మూసేస్తే మోటారు వేడెక్కి కాలిపోతుంది, పట్టు కూడా బలంగా ఉండదు. పాత ఫ్రిజ్ కంప్రెసర్ బాగా లోతుకు లాగుతుంది గానీ ఏసీ పంపు కంటే కూడా తక్కువ గాలి లాగుతుంది. మూతలు, చిన్న గిన్నెలు మాత్రమే చేసేవాళ్లు, అవి గట్టి చెక్కవైతే, దాంతో సరిపెట్టుకోవచ్చు.

పాత పాల మెషిన్ కొనేటప్పుడు పైపు చివర అరచేత్తో మూసి చూడండి. ముల్లు వెంటనే లేవాలి. మెల్లగా లేస్తే వేన్లు అరిగాయని అర్థం. అవి మార్చుకోవచ్చు, ఆ మేరకు ధర తగ్గించమనండి. లోపలి సిలిండర్‌కు గీతలు పడి ఉంటే మాత్రం ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.