విపల్లాస సుత్తమా, సిగాలోవాద సుత్తమా?

దాంపత్యంలో చిక్కులు తీర్చుకోవాలనుకునే సంసారి బుద్ధుని ఈ రెండు సుత్తాల్లో (ప్రవచనాల్లో) దేన్ని ముందు పట్టుకోవాలి? బుద్ధుని ప్రవచనాల సంకలనమైన అంగుత్తర నికాయంలోని విపల్లాస సుత్తం భిక్షువులకు చెప్పినది. అనిత్యాన్ని నిత్యమనీ, దుఃఖాన్ని సుఖమనీ, అనాత్మను ఆత్మ అనీ, అశుభాన్ని (అసహ్యమైనదాన్ని) శుభమనీ (అందమైనదనీ) పొరబడే నాలుగు విపర్యాసాలు సంజ్ఞ (గుర్తింపు), చిత్తం (ఆలోచన), దృష్టి (అభిప్రాయం) అనే మూడింటా కలుగుతాయని అది వివరిస్తుంది. భార్య నిన్నటి కోపాన్నే ఆమె శాశ్వత స్వభావంగా లెక్కగట్టే భర్తది, నా దృష్టిలో, మొదటి పొరపాటే.

మరో సంకలనమైన దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తం గృహస్థునికి చెప్పినది. రాజగృహంలో ఆరు దిక్కులకు మొక్కుతున్న సిగాలునికి బుద్ధుడు తూర్పు అంటే తల్లిదండ్రులనీ, పడమర అంటే భార్యాబిడ్డలనీ చెప్పి, గౌరవించడం, అవమానించకపోవడం, నమ్మకంగా ఉండడం, ఇంటి పెత్తనం అప్పగించడం, నగలు ఇవ్వడం అనే 5 విధులను భర్తకు నిర్దేశించాడు (చివరిదానిపై ఏ ఇల్లాలికీ అభ్యంతరం ఉండదు). భార్యకూ 5 విధులున్నాయి.

సంసారికి రెండోదే ముందు చేతికందుతుంది. అయితే అనుమానం పాతుకుపోయిన ఇంట్లో ఆ విధులన్నీ సక్రమంగా నెరవేరినా మనసు కుదుటపడదు కనుక, అక్కడ మాత్రం మొదటిదానితోనే ప్రారంభించాలి.