అటపాకలో పడవ కన్నా కాలువ గట్టే ఎక్కువ నచ్చింది

సంక్రాంతి హడావిడి తగ్గాక, జనవరి చివర్లో మా అక్కా నేనూ కొల్లేరు పక్షుల్ని చూడ్డానికి కైకలూరు వెళ్లాం. గుడివాడ నుంచి భీమవరం వెళ్లే రైలు దారిలోనే ఉంది కాబట్టి విజయవాడ వాళ్లకి తేలిక. అటపాక పక్షుల కేంద్రం ఊరికి దగ్గరే, ఆటోలో పోవచ్చు.

ముందు లాడ్జి సంగతి. గది శుభ్రంగానే ఉంది, కానీ తెల్లవారుజామున వేడినీళ్లు ఇస్తామన్నవాళ్లు ఆ టైంకి తలుపు కొట్టినా లేవలేదు, ఆ చలిలో చన్నీళ్లతోనే ముఖం కడుక్కుని బయల్దేరాం. పెద్దవాళ్లతో వెళ్తే భీమవరంలోనో ఏలూరులోనో దిగండి.

ఆరున్నరకి పంట కాలువ గట్టు ఎక్కాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే అవతలి గట్టు కనబడలేదు, నీళ్లలో ఏదో టపుక్కుమన్న చప్పుడు మాత్రం వినబడింది, కాసేపటికి అది లకుముకి పిట్ట అని తెలిసింది, నోట్లో చేపతో కరెంటు తీగ మీద కూర్చుంది. ఎండ వచ్చేసరికి గట్టు పొడవునా నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. బురదలో నత్తగుల్ల కొంగలు. మేం రెండు గంటల్లో మూడు కిలోమీటర్లు కూడా నడవలేదు, ఆగడమే ఎక్కువ.

గట్టుకి అటుపక్క అంతా చేపల చెరువులు. పక్షులు వాలకుండా వాటి మీద తీగలు కట్టారు. చేపలు పోతే రైతుకి నష్టమే, కాదనను. కానీ కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో సరస్సులోని చెరువుల గట్లు కొట్టించారు, ఇంత జరిగాక కూడా పక్షికి వాలే చోటు వెతుక్కోవాల్సి రావడం చూస్తే నాకు నిజంగా బాధేసింది.

అటపాకలో గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టాయి. చెట్లు చాలని చోట అటవీశాఖ వాళ్లు నిలబెట్టిన స్టాండ్లవి. పిల్ల గూడబాతు తల్లి నోటిసంచిలో తల మొత్తం దూర్చి చేప తింటుంటే మా అక్క కెమెరా పక్కన పెట్టేసి చూస్తూ ఉండిపోయింది. పడవ ఎక్కితే దగ్గరగా కనబడతాయి, అది నిజమే. మా పడవలోనే కొందరు పక్షుల్ని ఎగరగొట్టి ఫోటో తీద్దామని చప్పట్లు కొట్టారు, వద్దని చెప్తే విసుక్కున్నారు. గూట్లో పిల్లలున్నప్పుడు అలా చేయకండి, తల్లి లేచిపోతే పిల్లలు ఎండకి మాడతాయి.

చిన్నపిల్లలున్నవాళ్లకైతే గుంటూరు దగ్గర ఉప్పలపాడు మేలు, ఊరి చెరువులోనే పక్షులుంటాయి, పడవ అక్కర్లేదు. విశాలంగా చూడాలంటే మాత్రం కొల్లేరే.

మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో కొరమీను పులుసు తిన్నాం, చాలా బాగుంది. సాయంత్రం రైలుకి టైముంటే మళ్లీ గట్టు మీదికే వెళ్లాం. ఐదు దాటాక గూడబాతులు వరసగా, రెక్క కూడా ఆడించకుండా మా తలల మీదుగా గూళ్లకి తిరిగొచ్చాయి. పదిహేడు లెక్కపెట్టాం, తర్వాత చీకటి పడింది.