పెద్దోళ్ళకి స్కేటింగ్ క్లాసు, వైజాగ్

డాక్టర్ గారు బరువు తగ్గమన్నారు, జిమ్ అంటే మనకి బద్ధకం, అందుకే మా పాపతో పాటు నేనూ బీచ్ రోడ్డు వైపు ఒక రింకులో చేరిపోయా. కోచ్ గారు సూపరండీ, ముందు స్కేట్లు ఎక్కనివ్వలేదు, గడ్డిలో పడటం నేర్పించారు, పడిపోతున్నట్టనిపిస్తే మోకాళ్ళు వంచి ముందుకే, ప్యాడ్ల మీద పడాలంట, చేతులు చాపి ఆనిస్తే మణికట్టు విరుగుద్ది. ఇన్‌లైన్ స్కేట్లలో (చక్రాలన్నీ ఒకే వరసలో ఉండేవి) ఒకదానికి మడమ వెనక రబ్బరు బ్రేకుంటుంది, ఆ కాలు ముందుకి జరిపి వేళ్ళు పైకెత్తితే నెమ్మదిగా ఆగుద్ది, ఇది వస్తే సగం భయం పోయినట్టే. మణికట్టుకి కట్టుకునే రిస్ట్ గార్డులు బయట షాపులో కొన్నవి మాత్రం దండగ, లోపల గట్టి ప్లాస్టిక్ బద్దే లేదు, ఉత్త గుడ్డ! హెల్మెట్ కూడా పెట్టి చూసుకుని, తల ఊపినా కదలకపోతేనే కొనండి. పొద్దున బ్యాచ్ బెటర్, సాయంత్రం పిల్లల గోల.